పికప్ సంగతి పక్కన పెడితే... మాజ్దా మియాటా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, 0-60 నంబర్ (సున్నా నుంచి గంటకి 60 మైళ్ల స్పీడ్ అందుకునే టైమ్) చూసి కారు కొనేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. నేను రాస్తున్నది మాజ్దా ఎంఎక్స్-5 మియాటా గురించి, టాప్ తీసేసే రెండు సీట్ల చిన్న కారు. నా దగ్గరున్నది క్లబ్ ట్రిమ్ (వేరియంట్), ఆరు గేర్ల మాన్యువల్, 2 లీటర్ ఇంజన్, టర్బో గిర్బో ఏమీ లేదు, 181 హార్స్‌పవర్. అవును 181 ఏ, టైపో కాదు. ఇప్పుడొస్తున్న టయోటా క్యామ్రీ హైబ్రిడ్ 225 ఇస్తోంది, అంటే పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపే క్యామ్రీ అంకుల్‌కి నాకంటే ఎక్కువ పవర్ ఉంది. మరి దీన్ని స్పోర్ట్స్ కార్ అని ఎందుకంటారు అని మనవాళ్ల ప్రతి పాట్‌లక్‌లో (తలా ఒక వంట తెచ్చుకునే విందులో) ఎవరో ఒకరు అడుగుతారు, అక్కడ ప్లేట్ చేతిలో పట్టుకుని రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

మేం ఉండేది అట్లాంటాకి పైన, కమింగ్ అనే ఊరి వైపు. ఇటు ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ అంతా మనవాళ్లే, మనవాళ్లుంటే టెస్లాలుంటాయి. మా బామ్మర్ది దగ్గర 2024 మోడల్ 3 పెర్ఫార్మెన్స్ ఉంది. 510 హార్స్‌పవర్, 0-60 కి 2.9 సెకన్లు అని టెస్లా చెప్తుంది. నా కారుకి మ్యాగజైన్ల వాళ్లు కొలిస్తే ఆరు సెకన్లకి కాస్త లోపు వస్తుంది. జార్జియా 400 హైవే ఎక్కే ర్యాంప్ మీద పక్కపక్కన పెడితే వాడు కనపడకుండా పోతాడు, అది పోటీ కూడా కాదు. "బావా, అది కారా రోలర్ స్కేటా?" అంటాడు. అననీ.

ఆ 2.9 గురించి చిన్న మాట. అమెరికాలో ఈ నంబర్లు చాలా వరకు రోలవుట్ తీసేసి చెప్తారు, అంటే కారు మొదటి ఒక అడుగు కదిలాకే వాచ్ మొదలవుతుంది, డ్రాగ్ స్ట్రిప్ అలవాటు అది. దాంతో పావు సెకను అటూ ఇటూ కలిసొస్తుంది. ఆ కలిసొచ్చింది తీసేసినా కూడా టెస్లా పికప్ మామూలుది కాదు, ఫస్ట్ టైమ్ కూర్చుంటే కడుపులో ఏదో తిరిగినట్టుంటుంది, మా అత్తగారు ఒకసారి కూర్చుని దిగాక మళ్లీ ఎక్కనన్నారు.

కానీ లెక్క చూడండి. గంటకి 60 మైళ్లంటే సెకనుకి 26.8 మీటర్లు. దాన్ని 2.9 సెకన్లలో అందుకోవాలంటే యావరేజ్‌న 0.94 జి బలంతో నెట్టాలి, అంటే మీ బరువుకి దగ్గర దగ్గర సమానమైన బలం మిమ్మల్ని సీట్లోకి నొక్కుతుంది. గొప్ప విషయమే. కానీ మూడు సెకన్లు! ఆ తర్వాత 65 లిమిట్, ముందు ఎవడో మినీవ్యాన్, అయిపోయింది. మళ్లీ కావాలంటే మళ్లీ ఆగాలి, సిగ్నల్ కావాలి, పక్కన ఎవడో ఒకడు కావాలి, వెనక పోలీసు ఉండకూడదు. 510 హార్స్‌పవర్ కారు రోజులో నిజంగా 510 వాడేది ఎంతసేపు అని ఎవరైనా లెక్కేస్తే సెకన్లలోనే వస్తుంది.

ఇప్పుడు అదే జార్జియా 400 మీద ఉత్తరానికి పోండి, డలోనెగా దాటాక కొండలు మొదలవుతాయి. యూఎస్ 19/129 మీద బ్లడ్ మౌంటెన్ ఎక్కి నీల్స్ గ్యాప్ దాటి దిగితే వోగెల్ స్టేట్ పార్క్ వస్తుంది. నీల్స్ గ్యాప్ దగ్గర అప్పలాచియన్ ట్రెయిల్ అనే పొడవైన నడక దారి రోడ్డు దాటుతుంది, అక్కడ చెట్టు నిండా హైకర్లు వేలాడదీసిన పాత బూట్లుంటాయి, చూడకపోతే ఆగి చూడండి. వోగెల్ దాటాక ఎడం వైపు జార్జియా 180, దాన్నే వుల్ఫ్ పెన్ గ్యాప్ అంటారు, సచెస్ దాకా పోతుంది. ఆ రోడ్డు మీద స్ట్రెయిట్ అనేది దాదాపు లేదు, ఒక మలుపు అయ్యేలోపే ఇంకోటి. నా కారు ఏంటో అర్థం కావాలంటే ఆ రోడ్డు మీద కూర్చోబెట్టాలి, ర్యాంప్ మీద కాదు.

ఇంకో లెక్క. 30 మీటర్ల రేడియస్ ఉన్న టైట్ మలుపు అనుకోండి, దాంట్లో గంటకి 30 మైళ్లు అంటే 48 కిలోమీటర్ల స్పీడ్‌తో పోతే పక్కకి లాగే బలం 0.6 జి వస్తుంది. 30 మైళ్లు! పిల్లలాడుకునే రెసిడెన్షియల్ రోడ్డు మీద పోయే స్పీడ్‌కి కాస్త ఎక్కువ అంతే. లైసెన్స్ పోయే పని లేదు, టికెట్ లేదు, అయినా ఒళ్లు పక్కకి ఒరుగుతుంది, సీటు అంచు పట్టుకుంటుంది, స్టీరింగ్ చేతిలో బరువెక్కుతుంది, ఇదంతా మూడు సెకన్లతో అయిపోదు, ఆ రోడ్డున్నంతసేపూ మలుపు మలుపుకీ వస్తూనే ఉంటుంది. పికప్‌కీ కార్నరింగ్‌కీ మధ్య నాకు కనిపించిన అసలు తేడా ఇదే, ఒకటి వాడితే ఖర్చయిపోతుంది, ఇంకోటి లీగల్ స్పీడ్‌లోనే పొద్దంతా దొరుకుతుంది.

ఇక్కడ మియాటా ఫ్యాన్స్ కొంతమంది నాతో గొడవకి రావచ్చు గానీ చెప్పాల్సిందే. గ్రిప్ నంబర్ ఒక్కటే చూస్తే మియాటా గొప్పదేం కాదు. స్కిడ్‌ప్యాడ్ మీద గుండ్రంగా తిప్పి కొలిస్తే 0.9 జి దరిదాపుల్లో ఉంటుంది, అంతే. టైర్లు 205 మిల్లీమీటర్ల వెడల్పు, మామూలు హ్యాచ్‌బ్యాక్ సైజు. బామ్మర్ది కారుకి ముందు 235, వెనక 275, అదీ మెత్తటి పెర్ఫార్మెన్స్ రబ్బరు, కింద బ్యాటరీ పరిచి ఉంటుంది కాబట్టి బరువంతా నేలకి దగ్గర. ఒక్క మలుపు, పొడి రోడ్డు, ఒక్కసారి అంటే వాడి కారే నాకంటే ఎక్కువ స్పీడ్‌తో తిరుగుతుంది. మియాటా కార్నరింగ్‌లో టెస్లాని చిత్తు చేస్తుంది అని ఎవడైనా వీడియో పెడితే నమ్మకండి, ఒట్టి బిల్డప్.

మరి తేడా ఎక్కడుంది అంటే బరువు దగ్గర. మియాటా దాదాపు 1,070 కేజీలు, మోడల్ 3 పెర్ఫార్మెన్స్ 1,840 కేజీలు. ఒకే స్పీడ్‌లో పోతున్నప్పుడు టెస్లాలో ఉండే ఎనర్జీ నా కారుకంటే 70 శాతం ఎక్కువ, ప్రతి మలుపు ముందూ దాన్నంతా ఎక్కడో ఒకచోట తగ్గించాలి. టెస్లాకి రీజెన్ (స్పీడ్ తగ్గేటప్పుడు మోటారే కరెంటు తయారు చేయడం) ఉంది కాబట్టి కొంత బ్యాటరీలోకి పోతుంది, అది నిజంగా మంచి విషయమే, కానీ ఫుల్ ఛార్జ్‌తో కొండ దిగుతుంటే ఆ రీజెన్ తగ్గిపోతుంది, అప్పుడు పని బ్రేకుల మీదే పడుతుంది. ఇక టైర్ల సంగతి. టైరు మీద బరువు రెట్టింపు చేస్తే గ్రిప్ రెట్టింపు అవ్వదు, కాస్త తక్కువే పెరుగుతుంది. అందుకే బరువైన కారుకి వెడల్పు టైర్లేసి కవర్ చేస్తారు, ఆ టైర్లకి ఖరీదు, అరుగుడు రెండూ ఎక్కువ. బామ్మర్ది నాలుగు టైర్లు మార్పించిన రోజు బిల్లు చూసి వాడి ముఖం చూడాల్సింది, నా సైజువి అందులో ఎంతో తక్కువకే వచ్చేస్తాయి.

అయినా వీటన్నిటికంటే పెద్ద విషయం కారు మనకి ఏం చెప్తుంది అనేది. మియాటా మలుపులో బాగా ఒరుగుతుంది. బయటి నుంచి చూసేవాళ్లకి పడవలా ఊగుతోందేంటి అనిపిస్తుంది, రివ్యూల్లో కూడా బాడీ రోల్ ఎక్కువ అని తిడుతుంటారు. నాకైతే అది నచ్చింది. స్టీరింగ్ తిప్పగానే ముందు కొంచెం ఒరుగుతుంది, తర్వాత బయటి వైపు టైర్ల మీద బరువు కూర్చుంటుంది, ఇంకా తిప్పితే ముందు టైర్లు మెల్లగా చేతులెత్తేస్తున్నాయని స్టీరింగ్‌లోనే తెలుస్తుంది, యాక్సిలరేటర్ కాస్త వదిలితే ముక్కు మళ్లీ లోపలికొస్తుంది. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి, తీరిగ్గా, మనకి ఆలోచించుకునే టైమ్ ఇచ్చి జరుగుతాయి. టెస్లా ఏమో ఫ్లాట్‌గా, సైలెంట్‌గా తిరుగుతుంది తిరుగుతుంది తిరుగుతుంది, స్పీడోమీటర్ చూస్తే గానీ ఎంతలో పోతున్నామో తెలీదు, గ్రిప్ లిమిట్ వచ్చేసరికి ఆ స్పీడ్ చాలా పెద్దది, అక్కడ ఏదైనా తేడా వస్తే సర్దుకునే టైమ్ ఉండదు, కంప్యూటరే చూసుకోవాలి. చూసుకుంటుంది కూడా, బాగానే. కానీ అప్పుడు తోలింది ఎవరు?

మెకానికల్‌గా మాజ్దా వాళ్లు ఏం చేశారంటే ఇంజన్ని ముందు చక్రాల ఇరుసుకి వెనక్కి జరిపారు, బరువు ముందూ వెనకా సగం సగం పంచారు, ముందు డబుల్ విష్‌బోన్, వెనక మల్టీలింక్ సస్పెన్షన్ పెట్టారు. క్లబ్ మాన్యువల్‌లో బిల్‌స్టీన్ కంపెనీ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వస్తాయి. ఈ డిఫరెన్షియల్ గురించి మనవాళ్లెవరూ పట్టించుకోరు గానీ అసలు పని చేసేది అదే, మలుపు నుంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు లోపలి చక్రం గాల్లో తిరిగిపోకుండా పవర్ రెండు చక్రాలకీ పంపుతుంది. 2022 నుంచి ఇంకో చిన్న ట్రిక్ కలిపారు, గట్టి మలుపులో లోపలి వెనక చక్రానికి లైట్‌గా బ్రేక్ తగిలించి కారు వెనక భాగం పైకి లేవకుండా పట్టుకుంటుంది. దానికోసం కొత్త పార్ట్ ఏదీ వెయ్యలేదు, ఉన్న బ్రేకులతోనే సాఫ్ట్‌వేర్ పని, బరువు ఒక్క గ్రాము పెరగలేదు. 1989 లో షికాగో ఆటో షోలో మొదటి మియాటా చూపించినప్పుడు దానికి 116 హార్స్‌పవర్, ఇన్నేళ్ల తర్వాత 181. వేరే కంపెనీలు ఈ లోపు పవర్ని ఎన్ని రెట్లు చేశాయో చూస్తే వీళ్ల మొండితనం అర్థమవుతుంది. 2016 లో పది లక్షల కార్లు దాటేశారు కాబట్టి ఆ మొండితనానికి గిరాకీ కూడా బానే ఉంది.

పెద్ద కార్లలో కూడా ఇదే కథ. టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్ 1,020 హార్స్‌పవర్, 2023 లో ట్రాక్ ప్యాకేజీ వేసుకుని జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో 20.8 కిలోమీటర్ల ల్యాప్ 7 నిమిషాల 25 సెకన్లలో కొట్టింది. రెండు టన్నులు దాటిన సెడాన్‌కి అది అద్భుతమే. కానీ 2021 లో పోర్షా 911 జీటీ3, దానికున్నది 502, అదే దూరాన్ని 7 నిమిషాల లోపు, 6:59.9 లో పూర్తి చేసేసింది. సగం పవర్, పాతిక సెకన్లు ముందు. దాని టైర్లు కూడా దాదాపు రేస్ టైర్లే, ఆ మాట ఒప్పుకోవాలి, కానీ 20 కిలోమీటర్ల పాటు టైరు, బ్రేకు వేడెక్కి చచ్చిపోకుండా ఉండటమే అక్కడ అసలు పరీక్ష.

ఇంకో కొసకి వెళ్తే డాడ్జ్ డీమన్. 2018 లో వచ్చింది, మంచి రేస్ పెట్రోల్ పోస్తే 840 హార్స్‌పవర్, పుట్టిందే పావు మైలు డ్రాగ్ కోసం. పక్క సీటు కూడా తీసేసి అమ్మారు, కావాలంటే ఒక డాలర్ ఎక్స్‌ట్రా ఇస్తే పెడతారు. నాకు అందులో సరదాగా అనిపించింది సస్పెన్షన్, స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు (కారు పక్కకి ఒరగకుండా పట్టేవి) కావాలనే మెత్తగా చేశారు, లాంచ్ అప్పుడు ముక్కు పైకి లేచి బరువంతా వెనక టైర్ల మీద పడాలని. మలుపుల కోసం కారు చేసేవాడు సరిగ్గా దీనికి రివర్స్‌లో పోతాడు. అంటే రెండూ ఒకే కారులో ఫుల్లుగా ఇవ్వడం ఇంజనీర్లకి కూడా తలనొప్పే, డబ్బులు గుమ్మరిస్తే ఎలక్ట్రానిక్ డ్యాంపర్లతో కొంత మేనేజ్ చేస్తారు, మన బడ్జెట్‌లో అయితే ఏదో ఒకటి ఎంచుకోవాలి.

టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ గురించి రాయకపోతే రివ్యూ పూర్తి కాదు. టెనెసీ, నార్త్ కరోలినా బోర్డర్‌లో యూఎస్ 129 మీద 11 మైళ్లలో 318 మలుపులు అని చెప్తారు. పేరు చూసి అక్కడ ఏదో రేస్ ట్రాక్ అనుకోకండి, లిమిట్ 30 మైళ్లు, పోలీసులుంటారు, పక్కన చెట్ల కింద ఫొటోగ్రాఫర్లు కూర్చుని మీ ఫొటో తీసి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. డీల్స్ గ్యాప్ దగ్గర ట్రీ ఆఫ్ షేమ్ అని ఒక చెట్టుకి విరిగిపోయిన బైకుల ముక్కలు వేలాడుతుంటాయి, అది చూశాక హీరోయిజం కొంచెం తగ్గుతుంది. బామ్మర్ది, నేను రెండు కార్లూ వేసుకుని వెళ్లి మధ్యలో తాళాలు మార్చుకున్నాం. వాడికి మాన్యువల్ కొత్తేం కాదు, ఇండియాలో నేర్చుకున్నదే. దిగాక వాడన్న మాట "బావా, నేను ముప్పైలోనే పోయాను, కానీ అరవైలో పోయినట్టు ఉంది." వాడి కారులో నాకు సరిగ్గా దీనికి ఉల్టా అనిపించింది, లిమిట్ దాటేసి ఉన్నానని స్క్రీన్ చూశాకే తెలిసింది. అయినా వాడు మియాటా కొనడు, పిల్లల కార్ సీట్లు రెండున్నాయి.

ఇది వింటే మీకేమనిపిస్తుందో గానీ నాకు చిన్నప్పుడు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే ఆర్టీసీ బస్సు డ్రైవర్లు గుర్తొస్తారు. ఇంజన్లో పికప్ సున్నా, స్టీరింగ్ పళ్లెం అంత, నిలబడ్డ జనంతో కలిపి ఎన్ని టన్నులో. అయినా మలుపు రాకముందే గేరు తగ్గించి, ఒకే ఊపులో తిప్పి, ఎవరూ తూలిపడకుండా తీసుకుపోయేవాళ్లు. మలుపులో బ్రేకు కొట్టేవాడు కాదు, ముందే కొట్టి వదిలేసేవాడు. నేను ఇక్కడ డబ్బులు కట్టి డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్న ఫస్ట్ పాఠం అదే.

రోజూ వాడకానికి వస్తే చిరాకులు చాలానే ఉన్నాయి. డిక్కీ 130 లీటర్లు, సోనా మసూరి 20 పౌండ్ల బ్యాగు, కూరగాయలు పడతాయి, కాస్ట్‌కో హోల్‌సేల్ స్టోర్ మాట మర్చిపోండి. గ్లోవ్ బాక్సే లేదు, సీట్ల మధ్య వెనక ఒక చిన్న అర ఉంది, దాంట్లోంచి ఏదన్నా తియ్యాలంటే చెయ్యి మెలి తిప్పాలి. కప్ హోల్డర్లు ఊడదీసి పెట్టుకునేవి, అవి మోచేతికి వెనక ఉంటాయి, కాఫీ తాగాలంటే సర్కస్. స్టెప్నీ లేదు. హైవే మీద గుడ్డ టాప్ కదా, సౌండ్ బాగా ఎక్కువ, ఫోన్ మాట్లాడుతుంటే అవతలి వాళ్లు ఫ్యాక్టరీలో ఉన్నావా అంటారు. ఆరడుగులు దాటినవాళ్లు కొనేముందు తప్పకుండా టాప్ మూసి కూర్చుని చూడండి. టాప్ మాత్రం సూపర్, సిగ్నల్ దగ్గర కూర్చున్న చోటు నుంచే ఒంటి చేత్తో తీసేయొచ్చు. మైలేజ్ అడక్కుండా ఉండరు కాబట్టి చెప్తున్నా, కంపెనీ లెక్క హైవే మీద గ్యాలన్‌కి 34 మైళ్లు, మెల్లగా పోతే నిజంగానే వస్తుంది. మా ఆవిడ ఒకటే అంటుంది, ఇది కారు కాదు ఖరీదైన టూ వీలర్ అని, నా దగ్గర దానికి జవాబు లేదు.

ఇండియా నుంచి చదువుతున్నవాళ్లకి, మాజ్దా అక్కడ కార్లు అమ్మట్లేదు కాబట్టి దీనికోసం వెతక్కండి. కానీ ఇదే సరదా వేరే రూపంలో ఉంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు నున్నగా ఉంది కదా అని అందరూ టాప్ స్పీడ్ వీడియోలు పెడుతుంటారు, 120 లిమిట్ రోడ్డు మీద అదేం సాహసమో నాకర్థం కాదు. మంచి కండిషన్లో ఉన్న పాత స్విఫ్ట్, పోలో లాంటి తేలికైన కారుకి నాలుగు మంచి టైర్లేసి, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో ట్రాక్ డే (మామూలు కార్లని రేస్ ట్రాక్ మీద తోలనిచ్చే రోజు) ఉన్నప్పుడు తీసుకెళ్లండి, ఘాట్ రోడ్డు మీద మాత్రం వద్దు, ఎదురుగా లారీ వస్తుంది.

కొనాలనుకునేవాళ్లకి సెకండ్ హ్యాండ్‌లో 2019 గానీ ఆ తర్వాతది గానీ చూడమని నా సలహా. 2016 నుంచి 18 దాకా వచ్చినవి 155 హార్స్‌పవర్, స్టీరింగ్ ముందుకీ వెనక్కీ జరగదు, కాళ్లు పొడుగున్నవాళ్లకి ఇబ్బంది, ఆ మొదటి బ్యాచుల్లో గేర్ బాక్స్ కంప్లైంట్లు కూడా ఎక్కువ విన్నాం. ఆ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కావాలంటే క్లబ్ మాన్యువల్ తీసుకోండి, ఆటోమేటిక్‌లో అది రాదు. బ్రెంబో బ్రేకుల ప్యాకేజీ చూడ్డానికి బాగుంటుంది, ట్రాక్‌కి పోని వాళ్లకి అవసరం లేదు, ఆ డబ్బులు దాచుకుని టైర్ల మీద పెట్టండి. కొత్తది కొనేటప్పుడు ఒక డీలర్ నా దగ్గర మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అని స్టిక్కర్ ధర మీద ఇంకొంత అడిగాడు, లేచొచ్చేశా, పక్క స్టేట్‌లో స్టిక్కర్ ధరకే దొరికింది. నవంబర్ తర్వాత చూడండి, చలిలో టాప్ లేని కారు ఎవడూ అడగడు, బేరం మీ చేతిలో ఉంటుంది.